మెయిన్‌ఫ్రేమ్‌కూ ఒక పహణి ఉంటుంది
పెద్ద కంప్యూటర్లలో సాఫ్టువేరు నిర్వహణ స్థాయిని సరిచూసే విధానం

బంగారుపేట, కుప్పం స్టేషన్ల నడుమనున్న కామసముద్రంలో తెల్లవారకముందే బెంగుళూరు బండి కోసం ఎదురుచూసేవారిలో కూలికి, గార్మెంట్సుకు వెళ్ళేవారితోపాటు కంప్యూటరు కంపెనీల ఉద్యోగులూ కనిపిస్తారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడిన తరువాత ఈ ప్రాంతపు యువతరానికి బెంగుళూరే పెద్ద ఆధారమైంది. "మా వాడు మెయిన్‌ఫ్రేమ్‌ సపోర్టులో ఉన్నాడు", "మా అమ్మాయికి ఈ శనివారం రాత్రి డ్యూటీ" అని చెప్పుకొనే తల్లిదండ్రులు సరిహద్దు పల్లెలలో ఉన్నారు. ఆ పని ఏమిటని అడిగితే మాత్రం "ఏదో కంప్యూటరు పని" అన్న జవాబే వస్తుంది.

ఆ పనిలో ఒక ముఖ్యమైన భాగం సాఫ్టువేరు నిర్వహణ స్థాయిని సరిచూడటం. ఒక పెద్ద కంప్యూటరును నడిపే ఆపరేటింగ్‌ సిస్టంలో ఏ భాగం ఏ స్థాయిలో ఉన్నది, ఏ సవరణలు దానికి చేరాయి, ఏవి చేరలేదు, చేరినవి నిజంగా పనిలోకి వచ్చాయా అని నిర్ధారించుకోవడమే ఈ పని. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఇందులో పొరపాటు జరిగితే లక్షలాది కుటుంబాల జీతాలు, చెల్లింపులు ఆగిపోగలవు.

మెయిన్‌ఫ్రేమ్‌ అంటే ఏమిటి?

బ్యాంకులు, బీమా సంస్థలు, విమాన సంస్థలు, ప్రభుత్వ శాఖలు కోట్లాది లెక్కలను నిరంతరాయంగా నడుపుకోవడానికి వాడే పెద్ద కంప్యూటరును మెయిన్‌ఫ్రేమ్‌ అంటారు. ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్‌ 7న ప్రకటించిన సిస్టం/360 నేటి మెయిన్‌ఫ్రేమ్‌లకు మూలపురుషుడు. దాని ఆపరేటింగ్‌ సిస్టం 1974లో ఎం.వి.ఎస్‌.గా, 1990ల నడిమిలో ఓ.ఎస్‌./390గా, 2001లో జెడ్‌/ఓ.ఎస్‌.గా రూపు మారింది. 2023 సెప్టెంబరులో జెడ్‌/ఓ.ఎస్‌. 3.1 విడుదలయింది. దశాబ్దాల క్రితం కోబాల్‌ భాషలో రాసిన ప్రోగ్రాములు ఎన్నో నేటికీ వీటిపై నడుస్తున్నాయి.

మన దేశానికీ ఈ యంత్రాలకూ పాత బంధం ఉన్నది. 1978లో ఐ.బి.ఎం. భారతదేశం విడిచి వెళ్ళినప్పుడు దాని యంత్రాలు మాత్రం ఇక్కడే మిగిలాయి. వాటిని కాపాడే బాధ్యత ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి.పై పడింది. ఆ సంస్థ మొదటి పూర్తి పేరే కంప్యూటర్‌ మెయింటెనెన్స్‌ కార్పొరేషన్‌. తయారీదారు పక్కన లేనప్పుడు, ఏ భాగం ఏ స్థాయిలో ఉన్నదో తెలిపే రాతపత్రమే దిక్కు. 1990ల చివర 2000 సంవత్సరపు తేదీ సమస్య వచ్చినప్పుడు హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్‌ నేర్చిన వేలాది తెలుగు యువకులు ఈ రంగంలో ప్రవేశించారు. అప్పుడు ప్రోగ్రాములను సరిదిద్దితే చాలలేదు. వాటి అడుగున ఉన్న ఆపరేటింగ్‌ సిస్టం కూడా 2000కు తగిన స్థాయిలో ఉన్నదా అని ప్రతి భాగాన్నీ సరిచూడవలసి వచ్చింది. నేడు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై కార్యాలయాలలో కూర్చుని అమెరికా, ఐరోపా సంస్థల మెయిన్‌ఫ్రేమ్‌లను కనిపెట్టుకొని ఉండేవారు అనేకులు.

స్థాయికి మూడు మెట్లు

జెడ్‌/ఓ.ఎస్‌. ఒకే ముద్ద కాదు. అనేక భాగాల కూర్పు. అన్నింటికీ పునాది అయిన బి.సి.పి., పనులను వరుసలో పెట్టి నడిపే జెస్‌2, ఎవరికి ఏ అనుమతి ఉన్నదో చూసే రాక్‌ఎఫ్‌, డిస్కులలో సమాచారాన్ని సర్దే డి.ఎఫ్‌.ఎస్‌.ఎం.ఎస్‌., బయటి ప్రపంచంతో మాట్లాడే కమ్యూనికేషన్స్‌ సర్వర్‌ వాటిలో కొన్ని. వీటిపైన సి.ఐ.సి.ఎస్‌., డి.బి.2 వంటి వేరే ఉత్పత్తులు కూర్చుంటాయి. ఒక్కొక్క భాగానికి స్థాయి మూడు మెట్లలో చెప్పబడుతుంది.

మొదటిది వెర్షను, రిలీజు. జెడ్‌/ఓ.ఎస్‌. 2.5, జెడ్‌/ఓ.ఎస్‌. 3.1 అనేవి ఇటువంటివి. ఇది ఇంటి పేరు వంటిది.

రెండవది ఎఫ్‌.ఎం.ఐ.డి. ఇది ఒక్కొక్క భాగానికి ఇచ్చే ఏడక్షరాల గుర్తు. ఉదాహరణకు బి.సి.పి. భాగానికి 2.5 రిలీజులో హెచ్‌బిబి77డి0, 3.1 రిలీజులో హెచ్‌బిబి77ఇ0 అని గుర్తు. ఇది ఇంటిలోని మనిషి పేరు వంటిది.

మూడవది పి.టి.ఎఫ్‌. భాగం విడుదలైన తరువాత దానికి వచ్చే సవరణ ఇది. దీనికీ ఏడక్షరాల గుర్తే. మొదట 'యు', తరువాత మరొక అక్షరం, ఆపైన ఐదు అంకెలు. ఒకే రిలీజు వాడుతున్న రెండు సంస్థలలో ఒకదానికి వెయ్యి సవరణలు ఎక్కువ చేరి ఉండవచ్చు. కాబట్టి "మా దగ్గర 2.5 ఉన్నది" అన్న జవాబు చాలదు. అసలు తేడా ఈ మూడవ మెట్టులోనే ఉంటుంది.

లోపం ఏదైనా బయటపడినప్పుడు దానికి ముందుగా ఒక ఫిర్యాదు సంఖ్య కేటాయిస్తారు. దీనిని ఏపార్‌ అంటారు. ఆపరేటింగ్‌ సిస్టం మూలభాగాల ఏపార్‌లు సాధారణంగా 'ఓఏ'తో మొదలవుతాయి. ఫిర్యాదుకు పరిష్కారం తయారై, పరీక్ష జరిగి బయటికి వచ్చేది పి.టి.ఎఫ్‌. ఈ రెండింటి తేడా తెలియక తికమకపడే కొత్త ఉద్యోగులు చాలామంది. ఏపార్‌ రోగం పేరు, పి.టి.ఎఫ్‌. మందు పేరు అని గుర్తుంచుకుంటే చాలు.

ఒక్కొక్క సవరణను విడివిడిగా వెతకనవసరం లేకుండా, పరీక్షించిన సవరణలను గుంపుగా సిఫారసు చేసే పద్ధతి కూడా ఉన్నది. దానిని ఆర్‌.ఎస్‌.యు. అంటారు. ఆర్‌.ఎస్‌.యు.2403 అంటే 2024 మార్చి నాటి సిఫారసు గుంపు. మూడు నెలలకొకసారి పెద్ద గుంపు వస్తుంది. నడిమి నెలలలో అత్యవసరమైనవి చేరుతాయి. "మీ సిస్టం ఏ ఆర్‌.ఎస్‌.యు.లో ఉన్నది?" అన్నది ఈ రంగంలో తరచుగా వినిపించే ప్రశ్న.

పహణితో పోలిక

ఈ సవరణలన్నింటినీ చేర్చి, లెక్క రాసిపెట్టే సాధనం పేరు ఎస్‌.ఎం.పి./ఇ. దాని లెక్కల పుస్తకానికి సి.ఎస్‌.ఐ. అని పేరు. ఏ భాగం ఉన్నది, ఏ సవరణ ఎప్పుడు చేరింది, ఏ మాడ్యూలును చివరిసారి మార్చినది ఏది అన్నదంతా అందులో ఉంటుంది.

భూమి కొన్న ప్రతి కుటుంబానికీ ఒక సంగతి అనుభవంలో ఉన్నది. సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో పత్రం రిజిస్టరు అయినంతమాత్రాన పహణిలో పేరు మారదు. మ్యుటేషన్‌ జరగాలి. పహణిలో పేరు ఎక్కినంతమాత్రాన పొలం చేతికి వచ్చినట్టూ కాదు. గట్టు మీద నిలబడి చూస్తే వేరొకరి నాగలి తిరుగుతూ ఉండవచ్చు. పత్రం, పహణి, స్వాధీనం మూడూ ఒకటైనప్పుడే భూమి మనది.

మెయిన్‌ఫ్రేమ్‌లోనూ ఇదే వరుస. సవరణను తెచ్చి పుస్తకంలో నమోదు చేసుకోవడం రిసీవ్‌. ఇది పత్రం చేతికి వచ్చినట్టు. యంత్రం ఇంకా ఏమీ మారలేదు. సవరణను పనిచేసే లైబ్రరీలలో చేర్చడం అప్లై. ఇది పహణిలో పేరు ఎక్కినట్టు. ఆ లైబ్రరీల నుండి సిస్టం తిరిగి మొదలై, కొత్త మాడ్యూలు జ్ఞాపకంలోకి వచ్చి పనిచేయడం స్వాధీనం. సిస్టంను తిరిగి మొదలుపెట్టడాన్ని ఐ.పి.ఎల్‌. అంటారు.

వీటితోపాటు యాక్సెప్ట్‌ అనే మరొక మెట్టు ఉన్నది. ఇది సవరణను శాశ్వత ప్రతిలో కలిపివేస్తుంది. అప్లై చేసిన సవరణ నచ్చకపోతే రిస్టోర్‌ ఆజ్ఞతో వెనుకకు తీయవచ్చు. యాక్సెప్ట్‌ అయిన తరువాత ఆ దారి మూసుకుపోతుంది. అందువల్ల అనుభవజ్ఞులు సవరణను కొంతకాలం నడిపి చూసిన తరువాతనే యాక్సెప్ట్‌ చేస్తారు.

పుస్తకంలో ఈ మెట్లకు తగిన జోన్లు ఉంటాయి. వచ్చిన సవరణలకు గ్లోబల్‌ జోన్‌, పనిచేసే లైబ్రరీలకు టార్గెట్‌ జోన్‌, శాశ్వత ప్రతికి డిస్ట్రిబ్యూషన్‌ జోన్‌. స్థాయిని అడిగేవారు ముందుగా ఏ జోన్‌ను అడుగుతున్నారో తెలుసుకోవాలి. గ్లోబల్‌ జోన్‌లో సవరణ కనిపించిందని "మన యంత్రంలో ఉన్నది" అని చెప్పడం, రిజిస్ట్రేషను పత్రం చూపించి పొలం నాదే అన్నట్టు.

సరిచూసే వరుస

1. నడుస్తున్నది ఏది? ఆపరేటరు తెర మీద డి ఐ.పి.ఎల్‌.ఇన్ఫో అనే ఆజ్ఞ ఇస్తే, సిస్టం ఏ తేదీన ఏ గంటకు మొదలైంది, ఏ రిలీజు నడుస్తున్నది, ఏ డిస్కు నుండి లేచింది అన్నవి కనిపిస్తాయి. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకోవాలి. తక్కిన పని అంతా దీనిపై ఆధారపడుతుంది.

2. ఆ డిస్కుకు చెందిన జోన్‌ ఏది? పెద్ద సంస్థలలో సిస్టం డిస్కులు ఒకటికి మించి ఉంటాయి. ఒకటి నడుస్తూ ఉంటే మరొకదానిలో కొత్త సవరణలు చేరుస్తారు. నడుస్తున్న డిస్కుకు జతగా ఉన్న టార్గెట్‌ జోన్‌నే చూడాలి. పక్క జోన్‌ను చూస్తే పక్కింటి పహణి చదివినట్టే.

3. భాగం ఉన్నదా? ఆ జోన్‌లో కావలసిన భాగపు ఎఫ్‌.ఎం.ఐ.డి. ఉన్నదో లేదో లిస్ట్‌ ఆజ్ఞతో గాని, తెర మీది క్వెరీ పద్ధతిలో గాని చూడాలి. చాలాచోట్ల జెడ్‌/ఓ.ఎస్‌.ఎం.ఎఫ్‌. అనే బ్రౌజరు సాధనంలోనూ ఈ వివరాలు చూడవచ్చు.

4. సవరణ చేరిందా? పి.టి.ఎఫ్‌. సంఖ్య ఇచ్చి అడిగితే అది రిసీవ్‌ అయిందా, అప్లై అయిందా, ఏ తేదీన అన్నది వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అడిగిన సంఖ్య అప్లై అయినట్టు కనిపించకపోయినా తొందరపడి "లేదు" అనరాదు. తరువాత వచ్చిన పెద్ద సవరణ పాతదానిని తనలో కలుపుకొని ఉండవచ్చు. అప్పుడు పాతది 'సూపర్‌సీడ్‌' అయినట్టు పుస్తకం చెబుతుంది. తాత ఆస్తి తండ్రి పేరు మీదుగా మనుమడికి వచ్చిన తరువాత పహణిలో తాత పేరు వెతికితే దొరకదు కదా!

5. మాడ్యూలు ఏమంటున్నది? ఇంకా లోతుగా చూడాలంటే ఒక్కొక్క మాడ్యూలు వివరాన్ని అడగవచ్చు. అందులో ఎఫ్‌.ఎం.ఐ.డి. ఆ మాడ్యూలు ఎవరికి చెందినదో చెబుతుంది. ఆర్‌.ఎం.ఐ.డి. దానిని చివరిసారి పూర్తిగా మార్చిన సవరణ ఏదో చెబుతుంది. యు.ఎం.ఐ.డి. ఆ తరువాత పైపైన వేసిన అతుకులను చెబుతుంది. ఎఫ్‌.ఎం.ఐ.డి., ఆర్‌.ఎం.ఐ.డి. ఒకటే అయితే ఆ మాడ్యూలును విడుదలైననాటి నుండి ఏ సవరణా పూర్తిగా మార్చలేదన్న మాట.

6. చేరినవాటిలో చెడ్డవి ఉన్నాయా? సవరణలలోనూ తప్పులు దొర్లుతాయి. అటువంటివాటిని ఐ.బి.ఎం. హోల్డ్‌డేటా అనే ప్రకటనల ద్వారా తెలియజేస్తుంది. తాజా హోల్డ్‌డేటాను తెచ్చుకొని రిపోర్ట్‌ ఎర్‌సిస్‌మాడ్స్‌ అనే నివేదిక తీస్తే, ఇప్పటికే మన దగ్గర చేరిన సవరణలలో తరువాత తప్పని తేలినవి ఏవో బయటపడతాయి. కొత్త యంత్రమో కొత్త ఉత్పత్తో రాబోతున్నప్పుడు దానికి అవసరమైన సవరణలలో ఏవి లేవో రిపోర్ట్‌ మిస్సింగ్‌ఫిక్స్‌ చెబుతుంది. హోల్డ్‌డేటా పాతదైతే ఈ నివేదికలకు విలువ లేదు. నిరుటి పంచాంగంలో ఈ ఏటి ముహూర్తం చూసినట్టవుతుంది.

7. పొలం ఎవరి స్వాధీనంలో ఉన్నది? చివరిగా సవరణ అప్లై అయిన తేదీనీ, మొదట రాసుకొన్న ఐ.పి.ఎల్‌. తేదీనీ పక్కపక్కన పెట్టాలి. అప్లై ఐ.పి.ఎల్‌. కన్నా తరువాత జరిగి ఉంటే, జ్ఞాపకంలో పాత మాడ్యూలే ఉండే అవకాశం ఉన్నది. ఎల్‌.పి.ఎ. అనే ఉమ్మడి ప్రాంతంలో ఉండే మాడ్యూళ్ళకు సాధారణంగా ఐ.పి.ఎల్‌. కావలసి ఉంటుంది. కొన్నింటికి ఎల్‌.ఎల్‌.ఎ. రిఫ్రెష్‌ చాలు. కొన్నింటికి ఆ భాగాన్ని మాత్రం ఆపి మొదలుపెడితే చాలు. ఏది కావాలో సవరణతో వచ్చే సూచనలలో రాసి ఉంటుంది. అనుమానం తీరకపోతే ఏ.ఎం.బి.లిస్ట్‌ అనే ప్రోగ్రాముతో డిస్కు మీది మాడ్యూలునే విప్పి, అందులో ముద్రపడిన గుర్తులను చదవవచ్చు.

పుస్తకం ఒకటి, పొలం ఒకటి

లెక్కల పుస్తకం అబద్ధం చెప్పదు. ఎవరో దానిని దాటి పని చేసినప్పుడు మాత్రం అది అబద్ధమవుతుంది. ఇది జరిగే సందర్భాలు నాలుగు.

ఒకటి, డిస్కును నకలు తీసి జోన్‌ను నకలు తీయకపోవడం. అప్పుడు కొత్త డిస్కుకు పహణి లేదు. ఉన్న పహణి పాత డిస్కుది.

రెండు, అర్ధరాత్రి అత్యవసరంలో ఎస్‌.ఎం.పి./ఇ. ద్వారా కాకుండా నేరుగా మాడ్యూలును మార్చివేయడం. సమస్య తీరుతుంది గాని పుస్తకానికి ఆ సంగతి తెలియదు. తరువాత వచ్చే మంచి సవరణ ఆ అతుకును చెరిపివేస్తుంది, తీరిపోయిన సమస్య మరల తలెత్తుతుంది.

మూడు, సంస్థవారే తమ అవసరానికి చేసుకొన్న మార్పులు. వీటిని యూజర్‌మాడ్‌ అంటారు. వీటిని పుస్తకంలో నమోదు చేస్తే, కొత్త సవరణ వాటిని తాకబోయినప్పుడు ఎస్‌.ఎం.పి./ఇ. ముందుగానే హెచ్చరిస్తుంది. నమోదు లేకపోతే హెచ్చరికా లేదు.

నాలుగు, అప్లై చేసి ఐ.పి.ఎల్‌. వాయిదా వేయడం. పుస్తకం ప్రకారం సవరణ ఉన్నది. యంత్రం ప్రకారం లేదు. మధ్యలో ఎవరైనా "ఉన్నది" అని నివేదిక ఇస్తే, దాని మీద నమ్మకంతో మరొకరు నిర్ణయం తీసుకుంటారు.

అందువల్లనే అప్లై చేసేముందు అప్లై చెక్‌ అనే ఉత్తుత్తి పరుగు తీయడం ఆచారం. ఏ మార్పూ చేయకుండానే ఏమి జరగబోతుందో, ఏ ముందరి సవరణ లోపించిందో అది చెబుతుంది. ఆ హెచ్చరికను పక్కకు నెట్టే బైపాస్‌ అనే మార్గమూ ఉన్నది. కారణం రాసిపెట్టకుండా దానిని వాడటం సైగ లేని లెవెల్‌ క్రాసింగు దాటడం వంటిది.

2012 జూన్‌లో ఏమి జరిగింది?

ఈ విషయం ఎంత బరువైనదో చెప్పడానికి బ్రిటన్‌లో జరిగిన ఒక ఉదంతం చాలు. 2012 జూన్‌ 17న ఆర్‌.బి.ఎస్‌. బ్యాంకుల సముదాయంలో రాత్రిపూట లెక్కల పనులను వరుసగా నడిపే సాఫ్టువేరును కొత్త స్థాయికి మార్చారు. తేడాలు కనిపించడంతో మార్పును వెనుకకు తీయాలని నిర్ణయించారు. అలా తీస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. కొత్త స్థాయికీ పాత స్థాయికీ పొత్తు కుదరలేదు. రాత్రి పనులు ఆగిపోయాయి. ఒక రాత్రి పని మిగిలితే మరునాటి రాత్రి పని దానిపై పేరుకుపోతుంది.

ఆర్‌.బి.ఎస్‌., నాట్‌వెస్ట్‌, అల్‌స్టర్‌ బ్యాంకుల ఖాతాదారులు 65 లక్షలకు పైగా ఇబ్బందుల పాలయ్యారు. జీతాలు ఖాతాలలో పడలేదు. నిలువలు తప్పుగా కనిపించాయి. చెల్లింపులు ఆగాయి. అల్‌స్టర్‌ బ్యాంకు ఖాతాదారుల కష్టం వారాల తరబడి సాగింది. 2014 నవంబరులో బ్రిటన్‌ నియంత్రణ సంస్థలు రెండూ కలిసి ఆ బ్యాంకులకు 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా విధించాయి.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన అంకం కూడా ఉన్నది. గొడవ జరిగిన రోజులలో కొన్ని బ్రిటిషు పత్రికలు భారతదేశంలోని సిబ్బంది వైపు, ముఖ్యంగా హైదరాబాదులో కొత్తగా తీసుకొన్న ఉద్యోగుల వైపు వేలు చూపాయి. విదేశాలకు పని అప్పగించడానికీ దీనికీ సంబంధం లేదని బ్యాంకు చెప్పింది. చివరికి నియంత్రణ సంస్థలు తప్పుపట్టినది ఏ ఒక్క గుమాస్తానూ కాదు. మార్పులను పరీక్షించి, అదుపులో ఉంచే ఏర్పాట్లు ఆ బ్యాంకులలో సరిగా లేవన్నదే వాటి తీర్పు.

సరిహద్దు పల్లెల కుటుంబాలు గమనించవలసినది ఇక్కడే ఉన్నది. వేల మైళ్ళ దూరంలో ఏదైనా తప్పు జరిగితే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లవాడి వైపు చూపులు తిరగడం సహజం. అతడిని కాపాడేది రాతపూర్వకమైన నమోదు. "నేను చూసినప్పుడు ఈ భాగం ఈ స్థాయిలో ఉన్నది, ఈ సవరణ ఈ తేదీన అప్లై అయినది, ఐ.పి.ఎల్‌. ఇంకా కాలేదని ఈ గంటకు తెలియజేశాను" అని నివేదికతో సహా చూపగలిగినవాడికి భయం లేదు.

గని తాడు నేర్పిన పాఠం

ఈ ప్రాంతపు పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. కోలారు గనులలో ఛాంపియన్‌ రీఫ్‌ లోతు మూడు కిలోమీటర్లు మించింది. ఆ బావులలో కార్మికులను దింపే పంజరం ఉక్కుతాడు మీద వేలాడేది. గనుల చట్టం ప్రకారం తాడును ఎప్పుడు బిగించారు, ఎప్పుడు పరీక్షించారు అన్నది పుస్తకంలో రాసి సంతకం చేయాలి. "నిన్న చూశాం, బాగానే ఉన్నది" అన్న నోటిమాటకు అక్కడ విలువ లేదు. పుస్తకంలో సంతకం ఉండి తాడును కంటితో చూడకపోయినా ప్రమాదమే. తాడు బాగుండి పుస్తకంలో రాయకపోయినా ప్రమాదమే, ఎందుకంటే తరువాతి షిఫ్టువాడికి ఆ సంగతి తెలియదు. పంజరంలో దిగిన తాతల మనుమలు నేడు కంప్యూటరు ముందు కూర్చుని పాటించే నియమమూ ఇదే. పుస్తకం చూడాలి, యంత్రాన్ని చూడాలి, రెండూ ఒకటేనని తేల్చి సంతకం చేయాలి.

శనివారం రాత్రి డ్యూటీ ఎందుకన్న ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉన్నది. ఐ.పి.ఎల్‌. జరిగేటప్పుడు ఆ సిస్టం ఆగుతుంది. అందువల్ల బ్యాంకు పని తక్కువగా ఉండే వారాంతపు రాత్రులనే మార్పులకు కేటాయిస్తారు.

నేర్చుకోదలచినవారికి

మెయిన్‌ఫ్రేమ్‌ నేర్పుతామని వేలకు వేలు అడిగేవారికి డబ్బు కట్టేముందు ఉచితంగా ఉన్న దారులను చూడటం మంచిది. ఐ.బి.ఎం. సంస్థవారి ఐ.బి.ఎం. జెడ్‌ ఎక్స్‌ప్లోర్‌ అనే పాఠక్రమంలో ఇంటి నుండే నిజమైన మెయిన్‌ఫ్రేమ్‌ను ముట్టుకొని చూడవచ్చు. 1999లో వెలువడిన హెర్క్యులిస్‌ అనే సాఫ్టువేరుతో ఇంటి కంప్యూటరునే పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్‌లా నడుపవచ్చు. దానిపై అందరికీ అందుబాటులో ఉన్న పాత ఎం.వి.ఎస్‌. 3.8 వేసి, ఎస్‌.ఎం.పి./ఇ.కి పూర్వరూపమైన ఎస్‌.ఎం.పి.తో రిసీవ్‌, అప్లై అభ్యాసం చేయవచ్చు. నేటి జెడ్‌/ఓ.ఎస్‌.ను మాత్రం లైసెన్సు లేకుండా అలా వాడరాదు.

ఉద్యోగంలో చేరినవారు ఒక జాగ్రత్త పాటించాలి. లిస్ట్‌, రిపోర్ట్‌ వంటివి చూసే ఆజ్ఞలు. అప్లై, యాక్సెప్ట్‌, రిస్టోర్‌ మార్చే ఆజ్ఞలు. ఒక్కొక్క ఆజ్ఞకు, ఒక్కొక్క జోన్‌కు వేరువేరుగా అనుమతి ఇచ్చే ఏర్పాటు ఎస్‌.ఎం.పి./ఇ.లో ఉన్నది. స్థాయిని సరిచూసే పనికి చూసే అనుమతి చాలు. మార్చే అనుమతి అవసరం లేకుండా చేతిలో ఉంచుకోకపోవడమే క్షేమం.

గుర్తుంచుకోదగిన మాటలు

ఏపార్‌: లోపానికి ఇచ్చే ఫిర్యాదు సంఖ్య.
పి.టి.ఎఫ్‌.: ఆ లోపానికి పరీక్షించి ఇచ్చే సవరణ.
ఎఫ్‌.ఎం.ఐ.డి.: భాగానికి ఏడక్షరాల గుర్తు.
ఆర్‌.ఎస్‌.యు.: సిఫారసు చేసిన సవరణల గుంపు.
సి.ఎస్‌.ఐ.: ఎస్‌.ఎం.పి./ఇ. లెక్కల పుస్తకం.
హోల్డ్‌డేటా: సవరణలలోని తప్పులను, జాగ్రత్తలను తెలిపే ప్రకటన.
ఐ.పి.ఎల్‌.: సిస్టంను తిరిగి మొదలుపెట్టడం.

ఈసారి బండి దిగి వచ్చిన పిల్లలు "ఈ వారం లెవెల్‌ చెక్‌ చేశాం" అంటే, పెద్దలు ఒక ప్రశ్న అడగవచ్చు: "పహణి ఒక్కటే చూశారా, పొలం గట్టు మీద కూడా నిలబడి చూశారా?"